నలభై ఇనుప కుర్చీలు

దిక్సూచి పక్కనే ఇనుప ఫిరంగి పెట్టుకుని దారి తప్పిన నావికుల గురించి చదివి ఒకప్పుడు నవ్వుకున్నాను. రేపల్లెలో జకరయ్యను చూశాక ఆ నవ్వు పోయింది.

ఆయన మిషను బళ్లో సైన్సు ల్యాబు అటెండరుగా చేసి రిటైరయ్యాడు. కొట్లో బిస్కెట్లు పెట్టే గాజు సీసాలో, చీరాల పట్టుపోగుకు చిన్న అయస్కాంతం వేలాడదీసి, దానికి అద్దంముక్క అతికించాడు. లేజరు లైటు ఆ అద్దం మీద పడి ఎదుటి గోడపై ఎర్రచుక్క అవుతుంది. భూమి అయస్కాంత బలం కాస్త చలించినా చుక్క జరుగుతుంది. గోడ నిండా గీతలు, రోజుకు మూడుసార్లు పుస్తకంలో అంకెలు. అలా రెండేళ్లు.

ఈలోగా తెనాలి కళ్లడాక్టరు చెప్పేశాడు: నీటికాసులు, అదే గ్లకోమా, ముదిరాయి, చూపు ఈ ఏడాది దాటదు. సూర్యుడి నుంచి వచ్చి భూమి అయస్కాంతాన్ని కుదిపే సౌర తుఫానును ఆలోగా ఒక్కటైనా తన సీసా పట్టిందని తేలాలి. ఆయనకు మరో కోరిక లేదు.

బాపట్ల కాలేజీలో ఫిజిక్సు చెప్పే దశరథరామయ్యగారి దగ్గరికి నేనూ తోడు వెళ్లాను. దశరథరామయ్యగారు పుస్తకం తిరగేశారు.

"చుక్క ఎగిరిన రోజులు పదిహేడు రాశారు జకరయ్యగారూ. వాటిలో తుఫాను వచ్చింది ఒక్కరోజే, రెండువేల ఇరవైనాలుగు మే పదకొండు. మిగతా రోజుల్లో మీ ఇంట్లో ఏం కదిలిందండీ?"

ఇంటికొచ్చి జకరయ్య ఆ తేదీలు పైకి చదివాడు. భార్య రూబీ బియ్యం ఏరుతూ వింది.

"అది ఎజ్రా వాళ్లమ్మ పోయిన రోజు కదండీ. అదేమో బాలస్వామి పోయాక పెట్టిన ఆదరణ కూడిక."

చర్చి కుర్చీలు నలభై, అన్నీ ఇనుపవి, సీసా ఉన్న గదికి ఆనుకున్న గదిలోనే ఉంటాయి. పేటలో ఎవరు పోయినా అక్కణ్ణుంచే వెళతాయి; అంత ఇనుము కదిలితే చుక్కా కదులుతుంది.

"అంటే నేను చావులు రాశానన్నమాట," అన్నాడు జకరయ్య. "మరి మే పదకొండు?"

రూబీ చేట దించింది. "శాలేమురాజును సమాధి చేసింది ఆరోజేనండీ."

ఆరోజు చుక్క జరిగినదాంట్లో కుర్చీల వాటా తీసేస్తే మిగిలేది తుఫానే కదా! చెప్పులు కూడా వేసుకోకుండా శాలేమురాజు భార్య పుష్పలత ఇంటికి పరిగెత్తాడు.

"అమ్మా, ఆరోజు ఎన్ని కుర్చీలొచ్చాయి?"

"మా ఆయన పోతే మీకు గుర్తొచ్చింది కుర్చీలా అన్నయ్యగారూ?" కొంగుతో కళ్లొత్తుకుంది. "నలభై వచ్చినా చాల్లేదండి. సగం మంది నిలబడే ఉన్నారు."

తిరిగొచ్చాక రూబీతో కలిసి ముగ్గురం నలభై కుర్చీలూ వీధిలోకి మోశాం. చుక్క పదకొండు గీతలు జరిగింది. పుస్తకంలో ఆనాటి అంకె పన్నెండు.

"ఒకటి మిగిలింది!" అన్నాను.

జకరయ్య గోడకు ముఖం ఆనించి చాలాసేపు చూశాడు.

"నాకిక్కడ రెండు చుక్కలు కనిపిస్తున్నాయండి," అన్నాడు. "ఆ పన్నెండు రాసిందీ ఈ కళ్లే."