కొన్ని దినాలు మాటలు లేవు

నాయనకు గొంతులో ఆపరేషన్ చేశారు. పుండు మానేదాకా గుసగుసగా కూడా మాట్లాడకూడదని, మాట్లాడితే ఉన్న గొంతు కూడా పోతుందని కర్నూలు డాక్టరు గట్టిగా చెప్పాడు. కల్లూరులో మాది కిరాణా అంగడి. నోటిమాట మీదే బేరం నడిపిన మనిషికి అంతకన్నా శిక్ష ఏముంటుంది? అంగడి కొన్నాళ్ళు మూద్దామంటే వినడు. తెరిస్తే ఊరుకోలేడు. నాకు భయమూ కోపమూ కలిసి వచ్చేవి.

మొదట ‘మాట్లాడించొద్దు’ అని అట్టముక్క మీద రాసి వేలాడదీశాను. సబ్బుల బొమ్మల మధ్య దాన్ని చూసిన పాపాన పోయినవాళ్ళు లేరు. ఎర్రగా మెరిసే అక్షరాల బోర్డు ధర అడిగి, నోరు మూసుకుని తిరిగొచ్చాను. అప్పట్లో నేను ఒక డీటీపీ సెంటరులో పనిచేసేదాన్ని. అక్కడ మూలన పడి ఉన్న పాత మానిటరును, సీపీయూను అడిగి ఆటోలో వేసుకొచ్చాను. ఖర్చంటే ఆటో ఖర్చే. కంప్యూటరును ముట్టుకోకుండా వదిలేస్తే, స్క్రీన్ సేవర్‌లో మనం కొట్టిన వాక్యం నల్లటి తెర మీద నడిచిపోతూ ఉంటుంది. తెలుగు అక్షరాలు ఎక్కించి, అమ్మ కొంగు తగిలి ఆగిపోకుండా మౌసు పీకేసి, తెరను వీధివైపు తిప్పాను.

‘గొంతు ఆపరేషన్ అయింది, కొన్ని దినాలు మాటలు లేవు’ అని కొట్టబోతే అమ్మ ఇంతెత్తున లేచింది.

“లచ్చిమి వచ్చే తావులో ఆపరేషనని రాస్తావా? రోగం మాట అంగట్లో వద్దే వద్దు.”

అంగట్లో ఎవరైనా దగ్గినా పక్కకు పోయి దగ్గమనే మనిషి ఆమె. సరేనని గొంతు తీసేశాను, ఆపరేషన్ తీసేశాను. ‘కొన్ని దినాలు మాటలు లేవు’ అన్నది మిగిలింది. వచ్చినవాళ్ళు “యావరితోనప్పా మాటల్లేనిది, ఇంట్లోనా?” అని ఎగతాళి చేస్తే నాయన నవ్వి గొంతు మీది కట్టు చూపించేవాడు.

మా ఎదురుగా టైలరు మామ అంగడి. ఆయన మా మతం కాదు గానీ, నాయనకు ఆయనకన్నా దగ్గరివాళ్ళు లేరు. ఆపరేషన్ నాటికి ఆయన కూతురి కాన్పుకని వేంపల్లెకు పోయి ఉన్నాడు. చెబితే కాన్పు వదిలేసి పరిగెత్తుకొస్తాడని నాయన కబురు పంపనివ్వలేదు.

ఒక ఆదివారం మామ బస్సు దిగి, సంచితోనే నేరుగా మా అంగడికి వచ్చాడు.

“బాగుండావాప్పా? మనవడు పుట్టినాడు!”

చలికని నాయన మెడకు తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు. కట్టు కనపడలేదు. ఏదో చెప్పాలని రెండు చేతులూ ఊపాడు. మామ చూపు తెర మీద పడింది. నిలబడి అంతా చదివాడు. ముఖం చిన్నబోయింది. ఆ ఊపడం పొమ్మనడమే అనుకున్నాడేమో, సంచి ఎత్తుకుని వెళ్ళిపోయాడు. నాయన వీధిలోకి వచ్చి, పిలవడానికి నోరు తెరిచాడు. అమ్మ రెక్క పట్టి ఆపింది. నేను మామ వెనకాలే పరిగెత్తాను.

ఆయన మిషను ముందు తల వంచుకుని కూర్చున్నాడు.

“బిడ్డ కాన్పని పోతినమ్మా. దానికే మాటల్లేకుండా చేసుకుంటాడా? చేసుకుంటే చేసుకున్యాడు, టీవీలో ఊరందరికీ కనపడేట్టు రాపియ్యల్లా?”

నాకు ఒళ్ళు మండింది, నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

“నీ టీవీ పాడుగాను! నాయనకు గొంతు ఆపరేషనైంది మామా. మాట్లాడితే గొంతు పోతాదని చెప్పినారు. అయినా నువ్వు పోతాంటే పిల్చేకి నోరు తెరిచినాడు!”

మామ చెప్పులు కూడా వేసుకోలేదు. నాయన ఇంకా వీధిలోనే నిలబడి ఉన్నాడు. మామను చూడగానే కళ్ళ నీళ్ళు పెట్టుకుని పెదాలు కదిలించాడు. మాట బయటికి వచ్చేలోపే మామ ఆయన నోటికి అరచెయ్యి అడ్డం పెట్టాడు.

“వద్దప్పా. నాకు ఇనపడింది.”