వద్దంటే వెళ్లిపోయిన పండు

పెళ్లి తప్పిపోవాలంటే జాతకాలు కలవకపోవాలి, లేదా పెద్దలు మాటా మాటా అనుకోవాలి. నా పెళ్లి మాత్రం గారెల దగ్గర తప్పిపోబోయింది. గారెల తప్పేమీ లేదు, తప్పంతా నాదే. ఆ పూట తలుచుకుంటే ఇప్పటికీ కాసేపు నడుం వాల్చాలనిపిస్తుంది. చెబుతాను, మీరే నవ్వుకోండి, నాకు ఓపిక లేదు.

అప్పట్లో నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ పై అంతస్తులో, రోబోలు చేసే చిన్న కంపెనీలో ఉండేవాణ్ని. మనిషి ముఖం చూసి మనసు తెలుసుకునే రోబో మాది. రోజంతా తెర మీద ముఖాలు చూసి ఇది కోపం, ఇది దిగులు, ఇది నవ్వు అని దానికి నేర్పడం నా ఉద్యోగం. సాయంత్రానికి నా ముఖంలో ఏ భావమూ మిగిలేది కాదు. అయినా మనుషుల మనసు నాకు తెలిసినంతగా ఎల్బీ నగర్ చౌరస్తాకు అటూ ఇటూ ఎవరికీ తెలియదని నా నమ్మకం.

ఆ రోజుల్లోనే స్వప్న సంబంధం వచ్చింది. వాళ్లు నల్గొండ పక్క నుంచి వచ్చి సరూర్‌నగర్‌లో ఉంటున్నారు. మేము గుంటూరు వైపు నుంచి వచ్చి వనస్థలిపురంలో స్థిరపడ్డాం. పిల్ల నాకు తెగ నచ్చింది, నేనూ నచ్చానని వినికిడి. ఇక ఇల్లు చూసి మాట ఖాయం చేయడానికి స్వప్నను తీసుకుని ఆమె మేనమామ యాదగిరి గారు భోజనానికి వస్తున్నారు. ఆయన ఊఁ అంటేనే పెళ్లి.

అమ్మకు మోకాళ్ల నొప్పులు కదా అని వడ్డనకు ఆఫీసు నుంచి పండును తెచ్చాను. పండు అంటే నడుమెత్తు రోబో. పళ్లెం పట్టుకుని మనిషి ముందు ఆగి అడుగుతుంది, కావలసింది మనం తీసుకోవాలి.

"వడ్డించడమంటే పెట్టడం కాదురా, బతిమాలడం," అంది అమ్మ.

"నువ్వు కూర్చో అమ్మా. దానికి మనుషుల మనసు తెలుసు," అన్నాను.

పండు ముందుగా యాదగిరి గారి దగ్గరికి వెళ్లింది. "గారెలు వేసుకుంటారా అండి?"

"ఒద్దొద్దు, చాలు," అంటూ ఆయన కంచానికి చెయ్యి అడ్డం పెట్టారు. అప్పటికి ఆ కంచంలో ఉన్నది ఉప్పు మాత్రమే.

"సరే అండి," అని పండు వెళ్లిపోయింది.

మనవాళ్లలో మొదటి వద్దుకు ఇంకోసారి అడగాలి. రెండో వద్దుకు గట్టిగా అడగాలి. మూడో వద్దుకు అడ్డం పెట్టిన చెయ్యి కాస్త పక్కకు జరుగుతుంది. అడగందే అమ్మైనా పెట్టదంటారు గానీ, మన ఇళ్లలో వద్దనందే చుట్టమైనా తినడు. ఇది నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. పండుకు నేర్పాలని మాత్రం తట్టలేదు.

పులిహోర వచ్చింది. "ఒద్దు." "సరే అండి." కోడికూర కూడా అలాగే వచ్చి వెళ్లింది. వెళ్లిపోతున్న కోడికూర వంక ఆయన చూసిన చూపు నేనింకా మరిచిపోలేదు. అమ్మ లేవబోతే కళ్లతోనే ఆపాను.

"మీ ఇంట్ల రెండోసారి అడిగే అలవాటు లేదా, బాబూ?" అన్నారాయన నెమ్మదిగా.

గబగబా ఫోన్ తీసి, ముఖం చూసి మాట్లాడే గుణాన్ని పండులో పూర్తిగా పెంచేశాను. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే.

పండు ఆయన ముందుకొచ్చి ఆగింది. "మీరు వద్దంటున్నారు. కానీ మీ ముఖంలో ఆకలి కనిపిస్తోంది. కోపం కూడా ఉంది." పక్కింటి వాళ్లకు కూడా వినిపించేంత గట్టిగా చెప్పింది. తర్వాత అమ్మ వైపు తిరిగింది. "మీరు నవ్వుతున్నారు. కానీ మీ అబ్బాయి మీద చాలా కోపంగా ఉన్నారు." నేను దాని వెనక చేరి ఆపే బటన్ కోసం తడుముతుంటే, "మీకు భయంగా ఉంది. కాసిని మంచినీళ్లు తాగండి," అని నాకూ చెప్పింది.

యాదగిరి గారు కండువా దులిపి లేచారు. "పోదాం పా, బిడ్డా. మిషన్‌తోని అనిపించుకునేటందుకు రాలే మనం."

స్వప్న వెళ్లిపోతుందన్న బాధ తప్ప అప్పుడు నాకింకేమీ తోచలేదు. అన్ని వేల ముఖాలు చూసినవాణ్ని, ఆమె ముఖం వైపు చూడలేకపోయాను.

ఆమె లేవలేదు. "మామా, పొద్దుగాల కెల్లి నువ్వేం తిన్లే. ఆకలైతున్నదా లేదా?"

ఆయన కాసేపు పండు వంక, కాసేపు గారెల వంక చూశారు. "అయితున్నది," అని కూర్చున్నారు.

అమ్మ మోకాళ్ల సంగతి మరిచిపోయి లేచి, గారెల పళ్లెం అందుకుంది. "రెండు వేసుకోవాలి అన్నయ్యగారూ, నా మీద ఒట్టే."

"ఒద్దు చెల్లెమ్మా."

"అలా అంటే కుదరదండి."

"అరె, ఒద్దంటున్న గదా," అని ఆయన చెయ్యి పక్కకు జరిపారు. కంచంలో గారెలు పడ్డాయి, నా పెళ్లి నిలబడింది.

పండు మళ్లీ ఆఫీసుకు వెళ్లిపోయింది. స్వప్న మా ఇంటికొచ్చింది. మొన్న సాయంత్రం బస్సులో దారంతా నిలబడి, ఒళ్లు హూనమై ఇల్లు చేరాను. గుత్తివంకాయ కూర వాసన గుమ్మం దాకా వస్తోంది. "తింటవా?" అంది స్వప్న. కాస్త బతిమాలించుకుందామని, "వద్దులే," అన్నాను.

"సరే అండి," అని గిన్నె తీసుకెళ్లి ఫ్రిజ్‌లో పెట్టేసింది.

ఆ పూట గ్లాసుడు మంచినీళ్లు తాగి ప్రమాణం చేశాను. అడిగేది మిషనైనా, మనిషైనా, ఆ మిషన్ దగ్గర పాఠం నేర్చుకున్న భార్యైనా సరే, ఆకలేస్తుండగా ఈ జన్మలో మళ్లీ వద్దు అనను.