ఎముకను కాల్చని డాక్టరమ్మ

నలుగురిని నవ్వించడానికి మీరెప్పుడైనా ఒక మనిషి పనితనాన్ని ఎగతాళి చేశారా? నేను చేశాను. ఆ మనిషి, గద్వాలలో మా పళ్ల డాక్టరమ్మ, మొన్న ఆదివారం కన్నుమూసింది. నేను పాస్టరును. చర్చిలో ఆరాధన ముగించి బయటికి వస్తుంటే కబురు తెలిసింది.

రెండేళ్ల కింద బండి మీద నుంచి పడి నా ముందు పన్ను ఊడింది. సువార్త చెప్పబోతే గాలి వచ్చేది. ఎముకలో రంధ్రం చేసి, చిన్న మరమేకు బిగించి, దాని మీద పన్ను నిలబెడతానన్నది డాక్టరమ్మ. రంధ్రం చేసిన రోజు డ్రిల్లుకు సన్నటి మొన తగిలించి మొదలుపెట్టి, ఒక్కొక్కటే లావు మొనలు మార్చింది. కాస్త తిప్పడం, ఆపడం, చల్లటి సెలైన్ పోయడం. మొనకు అంటిన ఎముక పొడిని గుడ్డ మీద తుడిచి వెలుతురులో చూసేది. "ఎర్రగుంది. పానంతోటే ఉంది" అని మళ్లీ చేయి పెట్టేది.

మొద్దుబారిన పెదవులతోనే నేను తొందరపెట్టాను. "డాక్టరమ్మా, జర జల్ది కానియ్యుండ్రి. సాయంత్రం అయిజ ఊళ్ల సువార్త కూటముంది."

"గట్ల ఉరికితే వేడికి ఎముక కాల్తది అయ్యగారూ. కాలినది మరను పట్టుకోదు. ఎండిన ఎముకలను లేపుడు మీ దేవునికి వస్తది, నాకు రాదు. నేను ఉన్నదాన్ని సంపకుంట జూసుకోవాలె."

ఎముక మరను పట్టుకునే దాకా, పన్ను పెట్టడానికి నాలుగు నెలలు ఆగమంది. కూటం తప్పిపోయిన కోపం నాలో రగులుతూనే ఉంది. తర్వాతి అయిజ కూటంలో మైకు పట్టుకుని, "ఒక్క తూటు పొడవనీకి పూట వట్టింది! గద్వాల పళ్ల డాక్టరమ్మకు పనే తెల్వదు" అన్నాను. జనం పగలబడి నవ్వారు.

ఆ నవ్విన వాళ్లలో మా సంఘపు సహోదరి ఒకామె నా మాట నమ్మి, వేరే ఊళ్లో ఇలాంటి పన్నే గబగబా పెట్టించుకుంది. మర ఊగి ఊడిపోయింది. ఏడుస్తూ డాక్టరమ్మ దగ్గరికే వెళ్తే, గాయం మానే దాకా ఆగి, మళ్లీ నిదానంగా పెట్టిందట. సహోదరే నాకు చెప్పింది.

చివరిసారి చూపించుకోవడానికి వెళ్లినప్పుడు డాక్టరమ్మ నాకు పెట్టిన పన్నును వేలితో కదిపి చూసింది. అది కదల్లేదు.

"కూటంల మస్తు నవ్విచ్చిన్రంట గదా?" అంది, కోపం లేకుండా. "నోరు జర పెద్దగ తెరువుండ్రి."

తెరిచాను. ఆ నోటితో అప్పుడే క్షమించమని అడగవలసింది. వచ్చే అయిజ కూటంలో అందరి ముందు అడుగుతాలే అనుకుని ఊరుకున్నాను. ఆ కూటం ఇంకా జరగనే లేదు.

కానుకను బలిపీఠం దగ్గరే విడిచి, ముందు వెళ్లి, నొప్పించిన మనిషితో సమాధానపడమని ఎన్నిసార్లు బోధించాను! మీ మాట తగిలిన మనిషి ఇంకా బతికే ఉంటే మీరు ధన్యులు. లేవండి. ప్రార్థన తర్వాత చేసుకోవచ్చు. చెప్పులు వేసుకుని ఇవాళే, ఇప్పుడే, ఆ ఇంటి తలుపు తట్టండి.