జెండా పాతిన చోటు

సముద్రపొడ్డున ఖనిజాలుండే నల్ల ఇసక ఎంతుందో అంచనా వేసే పని నాది. ఇసక తీసిన చోటల్లా గుర్తుకు ఎర్రజెండా పాతుతాను. ఆ ఇసక సంచితో నాయుడుపేటలో తిరుపతి బస్సెక్కినాను. పక్కసీట్లో పెద్దాయన సంచినే చూస్తా, "ఈ ఇసక యాడ ఎక్కువుండాదప్పా?" అన్నాడు.

భూముల బ్రోకరేమోనని అనుమానమొచ్చింది. "తెలీదు" అన్నాను.

శ్రీకాళహస్తి దాటినాక మళ్లీ అడిగినాడు. "ఎర్రజెండాలు పాతింది మీరే కదా?"

సంచిని కాళ్ల మధ్యకు లాక్కున్నాను. "మీకెందుకు?"

"ఒక జెండా మా సమాధుల దిబ్బమీదుండాది. మా నాయనను ఆడే పూడ్చినాము. తవ్వేముందు ఎవరన్నా చెప్తారా?"

"తవ్వేదీ లేనిదీ ఇంకా తేలలేదు. ఫోన్ చేయండి, నేను చెప్తాను" అని నంబరిచ్చినాను.

నమ్మనట్టు చూసినా, నంబరు తీసుకొని రేణిగుంటలో దిగిపోయినాడు. ఆయన ఇంతవరకూ ఫోన్ చేయలేదు. నేనూ నంబరు మార్చలేదు.