వానాకాలపు వేర్లు

జయకర్‌కు తెలిసిన విద్య ఒక్కటే, చీనీచెట్టును, అదే బత్తాయిని, మాడ్చి కాపు రాబట్టడం. పులివెందుల దగ్గరి తన తోటకు ఏటా క్రిస్మస్ దాటగానే నీళ్లు ఆపేవాడు. పాదులు తవ్వి వేర్లకు ఎండ తగలనిచ్చేవాడు. ఆకులు ముడుచుకున్నాక మళ్లీ నీళ్లు వదిలితే తోటంతా తెల్లగా పూసేది. చెట్టయినా మనిషయినా కాస్త కడుపు మాడితేనే దారికొస్తారని ఆయన ధీమా. భార్య ఆనందమ్మ ఆ ధీమాకు ముప్పయ్యేళ్లుగా వేళకింత వండిపెడుతోంది.

పోయిన వానాకాలం ఆయన కామెర్లతో ప్రొద్దుటూరు ఆసుపత్రిలో పడ్డాడు. తోట ఆమె చేతికొచ్చింది. ముసురుకు ఒక చెట్టు ఆకులు పసుపెక్కితే ఆమె పాదు తవ్వి చూసింది. వేర్లకు సన్నటి తెల్లపోగులు అల్లుకుని ఉన్నాయి. ఇన్నేళ్లలో ఆ తెలుపు ఎన్నడూ చూడలేదు. వేరుకుళ్లేననుకుంది. మంచాన పడ్డ మనిషిని బెదరగొట్టడం ఎందుకని మొగుడికి ఫోన్ చేయలేదు. పులివెందుల నుంచి బూజును చంపే మందు తెప్పించి అన్ని పాదుల్లోనూ పోసింది. తెలుపు పోయింది. ప్రభువు తోటను నిలబెట్టాడని మోకాళ్ల మీద స్తోత్రం చెప్పుకుంది, పిచ్చితల్లి.

జయకర్ కోలుకుని ఇంటికొచ్చాడు. పండగ దాటగానే అలవాటు కొద్దీ నీళ్లు ఆపాడు. ఈసారి ఆకులు ముడుచుకోలేదు, రాలిపోయాయి. నీళ్లు వదిలినా చిగురు రాలేదు. పట్టుకున్న కొమ్మ పట్టుకున్నట్టే పుటుక్కున విరిగింది.

వ్యవసాయాధికారి జ్యోతి వచ్చి, వేర్లు తీసుకుపోయి పరీక్ష చేయించి, వారానికి మళ్లీ తోటకొచ్చింది.

"వానలకు వేర్లమీద ఒక మంచి బూజు పెరుగుతాదన్నా. నీళ్లు లేనప్పుడు చెట్టుకు తేమ అందించేది అదే. మీ తోటలో అది చచ్చిపోయింది. ఏమన్నా మందు పోసినారా?"

"ల్యాదమ్మా. నీళ్లు నేనే శానా దినాలు ఆపినట్టుండా. నా చేతుల్తో నేనే సంపుకుంటి," అని జయకర్ తల పట్టుకున్నాడు.

ఆనందమ్మ ఊరుకుంటే ఆ మాటతోనే సరిపోయేది. ఆయన ముఖం చూసి ఊరుకోలేకపోయింది.

"నువ్వు కాదు, నేను సంపితి. నువ్వు ఆసుపత్రిలో ఉన్నప్పుడు మందు పోసింది నేనే," అంది. వేర్లకు తెలుపు కనబడిన సంగతంతా చెప్పింది.

జ్యోతి వెళ్లిపోయాక జయకర్ అడిగాడు.

"నాకొక మాట చెప్పింటే ఏమి పోయె మే?"

"చెప్పింటే ఏం చేసేటోనివి?"

ఆయన ఎండిన పాదు వైపు చూశాడు. ముప్పయ్యేళ్లలో ఒక్క వానాకాలమైనా తను ఆ వేర్లను తవ్వి చూడలేదు.

"ఆ మందే పొయ్యమనేటోన్ని," అన్నాడు.

మర్నాడు ఇద్దరూ గొడ్డలి తీసుకుని తోటకు పోయారు.