రాజేశం సారు తోడు పెట్టిన కుండ

రాజేశం సారు మరణవార్త నాకు మంచిర్యాల బస్టాండులో తెలిసింది. "మీ సారు పొద్దుగాల పోయిండట," అన్నాడు కండక్టర్. చేతిలోని పేపరు కట్ట అక్కడే వదిలి చెన్నూరు బస్సెక్కాను. దుఃఖం కంటే ముందు భయం పట్టుకుంది. ఆ కుండ ఏమైందో.

పోలీసు చర్య తర్వాత చెన్నూరు హైస్కూల్లో సైన్సు పంతులుగా చేరి, మాలాంటి వాళ్ళకు చదువు చెప్పిన మనిషి ఆయన. మక్కజొన్న కంకులు ఒలిచాక పొయ్యిలోకి పోయే బెండ్లతో ఏళ్ళ తరబడి కుస్తీ పట్టారు. వాటిని దంచి, కొంచెం ఆసిడ్ కలిపి ఉడికిస్తే తీపి నీళ్ళు దిగేవి. అందులో పెరుగు తోడు వేసేవారు. పులుపు మితిమీరితే తోడు చస్తుందని మూడు పూటలా సుద్దపొడి చల్లేవారు. చివర్లో మళ్ళీ ఆసిడ్ పోసి సుద్దను విడదీస్తే చేతికొచ్చేది లాక్టిక్ ఆసిడ్. తోళ్ళకు పట్టిన సున్నాన్ని విడగొట్టే ఆ సరుకు కోసం, తోళ్ళు పదునుచేసే పోశయ్య అంతకుముందు బొంబాయి సీసా కొనేవాడు.

ఎన్నో తోళ్ళు పాడయ్యాయి, ఎన్నో కుండలు చచ్చాయి. బెండ్ల నీళ్ళకు అలవాటుపడి బతికింది ఒక్క తోడే. దాన్నే కుండ నుంచి కుండకు మారుస్తూ నిలిపారు.

గుడుంబా అనుకొని ఒకసారి ఆబ్కారీ జవాను వచ్చాడు. సారు గరిటెడు తీసిచ్చి, "తాగు బిడ్డా. నిషా ఎక్కితే నన్ను పట్కపో," అన్నారు. వాడు మొహం ముడిచి, "గిది తాగెటోనికి మీరే పైసలియ్యాలె సారూ," అని వెళ్ళిపోయాడు.

తోడు పుట్టించే పులుపుకు సుద్ద కరుగుతూ బుసబుసలాడేది; కుండకు చెవి ఆనించి ఆ చప్పుడు వినమనేవారు మమ్మల్ని. "చప్పుడున్నంతసేపు ఫికర్ లేదు," అనేవారు.

నేను చేరేసరికి దహనం అయిపోయింది, ఇల్లు కడుగుతున్నారు. చావు జరిగిన ఇంట్లో నీళ్ళు, పెరుగు, వండినవి ఉంచరు. సారు అక్క కుండలన్నీ పెరట్లో బోర్లించింది. సారు కుండ కూడా.

"పెరుగు వాసనొచ్చింది బిడ్డా, పారబోసిన. నాకేమెర్క?"

మట్టి మీద సుద్ద తెల్లగా ఎండుతోంది.

సారు భార్య రాజవ్వ మెల్లగా నోరు విప్పింది. "మొన్న పోశయ్యకు ముంతెడు తోడిచ్చిండు. ఉన్నదో లేదో."

పోశయ్య ఇంటికి పరుగెత్తాను. వెచ్చగా ఉండాలని బూడిదలో పాతిన ముంత చూపించాడు. "సుద్ద ఎంతెయ్యాల్నో రేపచ్చి చెప్త అన్నడు సారు. రాలే. భయమై నేను ఎయ్యలే."

చెవి ఆనించాను. చప్పుడు లేదు. చిటికెడు సుద్ద వేయించి మళ్ళీ విన్నాను. బుసబుసమంది.

"బతికిందా?" అన్నాడు పోశయ్య.

పులిసిన నీళ్ళలో సుద్ద పడితే తోడు చచ్చినా కాసేపు ఆ చప్పుడు వస్తుంది. రెంటికీ తేడా చెప్పగల చెవి ఈ ఊళ్ళో ఒక్కటే ఉండేది. ఆ మహానుభావుణ్ణి తలచుకొని దండం పెట్టి, చప్పుడు నిలుస్తుందో ఆగుతుందో విందామని పోశయ్య పక్కన ముంత దగ్గర కూర్చున్నాను.