రేడియేటర్ పైపుకు దిష్టి నిమ్మకాయ

మా కారు కింద కొన్నాళ్లుగా పచ్చటి మరకలు పడుతున్నాయి. కూలెంట్ కారుతోందని అర్థమైంది. రేపు శివ్వంపేటలో పెళ్లికి వెళ్లాలి, దారిలో ఇంజన్ వేడెక్కితే ఇక అంతే సంగతులు. అందుకే ఈ సాయంత్రం ఇంజన్ చల్లారాక బానెట్ ఎత్తి, టార్చ్ వేసి వెతికాను. రేడియేటర్ పైపు చివర ఎవరో ఇనుప తీగ బిగించారు. దానికి ఎండిపోయిన నిమ్మకాయ, మిరపకాయలు వేలాడుతున్నాయి. తీగ రాసుకుని రాసుకుని రబ్బరును కోసేసింది.

"అమ్మా, గిది ఎవరు కట్టిండ్రు?"

"నేనే. బయట కడితే ఊకె ఊడి పడుతున్నది. మొన్న అమాసకు నువ్వు బానెట్ లేపినవ్ గదా, లోపట మంచి లావు పైపు కనవడ్డది."

"గా తీగనే పైపును కోసిందమ్మా!"

"చూసినవా మరి? బండికి గంత దిష్టి ఉన్నది. నిమ్మకాయ లేకుంటే ఇంజనే పోతుండె."

తీగ విప్పి పక్కన పడేశాను. పైపు తెగిన చివర కోసేసి, మళ్లీ ఎక్కించి, క్లిప్ బిగించి కూలెంట్ నింపాను. స్టార్ట్ చేస్తే ఒక్క చుక్క కారలేదు. చేతులు కడుక్కుని వచ్చేసరికి అమ్మ కొత్త తీగతో నిలబడి ఉంది. ఈసారి రెండు నిమ్మకాయలు.

"ఊడిపోకుండ యాడ కట్టాల్నో నువ్వే చెప్పు బిడ్డా" అంది.

మీరు ఎక్కడ కడతారు? తొందరగా చెప్పండి, బానెట్ ఇంకా తెరిచే ఉంది.